తన్ను ఎవరికి?

బహదూర్‌పల్లికి దగ్గర్లోనే ఉన్న బొల్లారంలో 1910లో పుట్టాడు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్. ఆయన వాడిన 405 వించెస్టర్ భుజాన్ని గట్టిగా తన్నే రైఫిల్.

తూటా మార్చకుండా తుపాకీ బరువు సగం చేస్తే, వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. మోయడానికి హాయే. కానీ ఆ తన్నుకి భయపడి చెయ్యి ముందే అదిరితే గురి తప్పుతుంది. జంతువు చావక, గాయంతో పొదల్లో పడి ఉంటుంది. గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తే తన్ను తగ్గుతుంది, మోత పక్కవాడి చెవులకి పెరుగుతుంది. దెబ్బ ఎక్కడికీ పోదు, మనిషి మారతాడంతే.

చట్టంతో సరదా వేట పోయింది. ప్రశ్న పోలేదు. పది నిమిషాల్లో సరుకులు తెప్పించుకుంటాం. తన్ను డెలివరీ కుర్రాడి భుజానికి. పేల్చినవాడి భుజానికే తగిలే తుపాకీ, ఆ లెక్కన, కాస్త న్యాయమైనదే.