వదిలిపెట్టిన చేప

చేపను పట్టి తినేవాడు హింసకుడనీ, పట్టి వదిలేవాడు దయాళువనీ చదువుకున్నవారిలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. నా అధ్యాపక మిత్రుడొకడు ఇదే వాదించాడు. "అమెరికాలో బాస్ చేపను గాలం వేసి పడతారు, తూస్తారు, ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. చేపకు ప్రాణం పోలేదు, మనిషికి వినోదం దక్కింది. ఇందులో తప్పేమున్నది?" అన్నాడు. ప్రశ్న పైకి కనిపించేటంత చిన్నది కాదు.

ముందు ఆ చేప సంగతి. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా సరస్సుల్లో, నిదానంగా పారే నదుల్లో పుట్టిన జాతి. నోటి చివర కంటిని దాటి వెనక్కి పోతుంది. ఆ నోట్లో పట్టే చేపనూ, కప్పనూ, ఎండ్రకాయనూ మింగుతుంది. వసంతంలో నీళ్లు కాస్త వెచ్చబడగానే మగచేప లోతు లేని చోట తోకతో అడుగు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. ఆపైన కావలి అంతా తండ్రిదే. పిల్లలు తమంత తాము తిరిగేదాకా, కొన్ని వారాలపాటు, అది సరిగా మేతకు కూడా పోదు. మన కొర్రమీను తన పిల్లల గుంపును కాచుకు తిరగటం చూసినవారికి ఇది వింతగా తోచదు. గూటి దగ్గరికి ఏది వచ్చినా ఆ మగది కరుస్తుంది, ఆకలి లేకపోయినా సరే. ఆటగాడి ఉత్తుత్తి ఎర గూటి మీదికి వచ్చినప్పుడు కరిచేదీ అందుకే. దాన్ని పైకి లాగి తూస్తున్న కాసేపట్లోనే చిన్నచేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. ఇలినాయ్ రాష్ట్రంలోని రిడ్జ్ లేక్‌లో 1977లో మొదలైన పరిశోధన మరొకటి తేల్చింది: గాలానికి తేలికగా చిక్కే స్వభావం తరం నించి తరానికి సంక్రమిస్తుంది, అట్లా చిక్కే మగచేపలే పిల్లల్ని ఎక్కువ శ్రద్ధగా కాచేవి. కనక "ప్రాణం పోలేదు" అన్నమాట ఆ ఒక్క చేప విషయంలో నిజం కావచ్చు. గూడు మాటేమిటి?

చేపకు నొప్పి తెలుస్తుందా అనే తగువు వేరే వున్నది. ట్రౌట్ చేప మూతి దగ్గర దెబ్బను గ్రహించే నాడులున్నాయని 2003లో లిన్ స్నెడన్ మొదలైనవారు చూపారు. ఆ గ్రహింపు మన బాధవంటిదేనా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదం తీరేదాకా ఆగవలసిన అవసరం నాకు కనిపించదు. తిండికోసం పట్టేవాడికి ఒక జవాబున్నది. ఆటకోసం పట్టేవాడు సందేహాన్ని తనకు లాభంగా వాడుకుంటున్నాడు.

1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే యువకుడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. అది ప్రపంచ రికార్డు. ఆర్థికమాంద్యం రోజులు, సేద్యం చేసుకునే కుటుంబం. చేపను తూయించి, ఇంటికి తీసుకుపోయి, వండుకు తిన్నారు. అంతటి చేపను తినేశారా అని ఆశ్చర్యపడేవారున్నారు. వాళ్ల కడుపు నిండి వున్నదని మాత్రం చెప్పగలను.

1967లో రే స్కాట్ ఆర్కన్సా రాష్ట్రంలో పెద్ద పోటీ పెట్టి ఈ ఆటకు వ్యాపార రూపం ఇచ్చాడు. చేపను చంపకుండా వదలమని 1972లో ప్రచారం మొదలుపెట్టిందీ ఆయనే. దానివల్ల సరస్సుల్లో చేపలు మిగిలాయంటే కాదనను. అయితే ఎవరికోసం మిగిలాయి? పడవలూ, మోటార్లూ, గాలాలూ అమ్ముడుపోవాలంటే నీళ్లలో చేప వుండాలి. దయకూ లాభానికీ పొత్తు కుదిరినచోట దయను మెచ్చుకునే ముందు లెక్కల పుస్తకం చూడటం మంచిది. (ఆదివారంనాడు గట్టున గాలం వేసుకు కూచునే ఫ్యాక్టరీ కార్మికుడి మీద నాకేమీ కోపం లేదు.)

గ్వాటెమాలాలోని అతిత్లాన్ సరస్సులో 1958లో, విదేశీ యాత్రికుల్ని రప్పించటానికి, ఈ బాస్‌ను వదిలారు. ఒడ్డున వుండే మాయాజాతివారికి ఆ సరస్సులోని చిన్నచేపలూ ఎండ్రకాయలూ తిండి. కొత్త చేప వాటిని మింగింది. ప్రపంచంలో మరెక్కడా లేని, ఎగరలేని నీటిపిట్ట ఒకటి అక్కడ వుండేది. 1960లో సుమారు 200 వున్నవి 1965 నాటికి 80 అయినాయి. రక్షణ ప్రయత్నాలవల్ల కొంతకాలం పెరిగినా, 1976 భూకంపం తరవాత నీటిమట్టం దిగిపోవటం వంటి కారణాలు కూడా తోడై ఆ జాతి నశించింది. బాస్‌ను వదిలినవారి లెక్కలో యాత్రికుడున్నాడు; చిన్నచేప తినేవాడు లేడు.

జపాన్‌కు ఈ చేప 1925లో వచ్చింది. తరవాత బివా సరస్సుకు చేరి అక్కడి దేశీయ చేపలకూ, వాటిమీద బతికే జాలరులకూ చేటయింది. 2009లో పెర్రీ రికార్డుకు సమానమైన చేప పడ్డదీ అక్కడే. పట్టిన బాస్‌ను మళ్లీ నీళ్లలో వదలటాన్ని షిగా ప్రాంత ప్రభుత్వం 2003 నించి నిషేధించింది. అంటే జార్జియాలో పుణ్యమయిన పని షిగాలో నిషిద్ధం. నా మిత్రుడు మంచిచెడ్డలను చేపను వదిలే చేతిలో వెతుకుతున్నాడు. ఆ నీళ్లలో ఎవరి తిండి వున్నదో, వాటిని ఏంచెయ్యాలో నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో వున్నదో చూడకుండా ఆ చేతిని గురించి తీర్పు చెప్పటం సాధ్యం కాదు.

"అయితే నీతి ఊరికొకటా?" అన్నాడు మిత్రుడు. సరస్సును బట్టి, దాని ఒడ్డున బతికేవారిని బట్టి ఒకే పని ఫలితం మారుతుంటే, అవునని చెప్పటానికి నాకు జంకు లేదు. బివా ఒడ్డున, పట్టిన బాస్‌ను వెయ్యటానికి ప్రభుత్వం పెట్టెలు పెట్టించింది. అక్కడి మ్యూజియం భోజనశాలలో ఆ చేపనే వేయించి అన్నంతో వడ్డించారు.