వైఫై దగ్గర మొహమాటం వద్దమ్మా

అమ్మలూ, కొత్త ఫ్లాట్‌లో ఇంటర్నెట్ పెట్టించుకున్నామని చెప్పావు, సంతోషం. బిగించడానికి వచ్చిన కుర్రాడు పాస్‌వర్డుగా నీ ఫోన్ నంబరే పెట్టి వెళ్లాడని కూడా అన్నావు. చాలా ఇళ్లలో ఇదే వరస. తేలిగ్గా గుర్తుంటుందని పెడతారు. గుర్తుండేది నీ ఒక్కదానికే కాదు కదా! ఆ నంబరు పాలబ్బాయి దగ్గరుంది, వాచ్‌మన్ దగ్గరుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరి దగ్గరా ఉంది.

నంబరు తెలియనివాడికైనా అది పెద్ద అడ్డేమీ కాదు. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం వేసుకున్నా 400 కోట్లు. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ నీ ఫోనూ రూటరూ కలుసుకునే క్షణంలో వాటి మధ్య గాలిలో నడిచే మాటలను ఒకడు పట్టుకుపోయి, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకు అప్పజెప్పాడనుకో, ఆ 400 కోట్లనూ అది కొద్ది గంటల్లో వేసి చూసేస్తుంది. వాడు నీ ఇంటి దగ్గర నిలబడాల్సింది కాసేపే.

అందుకని ముందు ఆ పాస్‌వర్డు మార్చు. ఎనిమిది అక్షరాలకు తగ్గితే రూటర్ ఒప్పుకోదు, 63 దాకా పెట్టుకోవచ్చు. వంకర గుర్తులన్నీ ఇరికించి తల బద్దలు కొట్టుకోకు. ఒకదానికొకటి పొంతన లేని తెలుగు మాటలు ఓ అయిదు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసెయ్: గోంగూర, నిచ్చెన, బుధవారం, తవుడు, ఇలాగన్నమాట. నేను చెప్పినవే పెట్టేవు సుమా! కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్నా తప్పులేదు. బీరువా పగలగొట్టే దొంగ వైఫై కోసం రాడు.

“పక్కింటి పిల్లాడు నాలుగు సినిమాలు చూసుకుంటే మన సొమ్మేం పోయింది పెదనాన్నా” అంటావని తెలుసు. డేటా గురించి నాకూ బెంగ లేదు. కనెక్షన్ నీ పేరు మీద ఉంది, బెంగంతా దాని గురించే. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కాస్త ముందు టీవీ ఛానళ్లకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఆనవాళ్లు పట్టుకుని వెళితే అవి నవీ ముంబయిలో కాపురముంటున్న ఒక అమెరికన్ ఫ్లాట్ దగ్గర తేలాయి. ఆయన వైఫైకి సరైన కాపలా లేదు, ఎవరో దాన్ని వాడుకున్నారు. చేసినవాళ్లు వేరే, మొదట జవాబు చెప్పుకోవలసి వచ్చింది ఆయన. ఆ సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పుడూ అంతే, ఈమెయిల్ ముంబయి చెంబూరులో ఒక సంస్థ వైఫై మీదుగా వెళ్లింది. ఆ తర్వాత ముంబయి పోలీసులు పాస్‌వర్డు లేని వైఫైలు ఎక్కడెక్కడున్నాయో వీధులు తిరిగి మరీ వెతికారు.

ఇంకో పాస్‌వర్డు కూడా ఉంటుందమ్మా, చాలామంది దాని జోలికే పోరు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి వాడేది. పరికరం అడుగున అంటించిన స్టిక్కరు మీద చిరునామా, పేరు, పాస్‌వర్డు రాసి ఉంటాయి. తరచుగా రెండూ ‘అడ్మిన్’ అనే ఉంటాయి. అది మార్చకపోతే నీ వైఫైలోకి వచ్చినవాడు నీ రూటర్‌కి యజమాని అయిపోతాడు. నువ్వు బ్యాంకు సైటు అడిగితే దొంగ సైటు చూపించేలా తిప్పిపెట్టగలడు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇళ్లలోని కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో పట్టేసింది. దాని చేతిలో ఉన్నదల్లా ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర పేర్లూ పాస్‌వర్డులూ. ఆ సైన్యంతోనే అక్టోబరు 21న డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి నిలిచిపోయాయి.

సెట్టింగుల్లోకి ఎలాగూ వెళతావు గనుక డబ్ల్యూపీఎస్ అని ఉంటే ఆపెయ్. పాస్‌వర్డు కొట్టకుండా ఎనిమిదంకెల పిన్‌తో కలపడానికి పెట్టిన సౌకర్యం అది. ఎనిమిదంకెలంటే పది కోట్లు ప్రయత్నించాలి కదా అనిపిస్తుంది. కానీ మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో రూటర్ విడిగా చెప్పేస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే. దాంతో 11,000 ప్రయత్నాలు చాలని 2011లో బయటపడింది. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అది పెట్టు, ముందు చెప్పిన 400 కోట్ల ఆట దాని ముందు సాగదు. లేకపోతే డబ్ల్యూపీఏ2. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి గుట్టు 2001లోనే రట్టయింది, అదొక్కటే ఉన్న పాత డబ్బా అయితే మార్చేయమను. బయటి నుంచి రూటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపు, అప్‌డేట్లు రానివ్వు. వైఫై పేరు కనపడకుండా దాచమని కొందరు సలహా ఇస్తారు. దండగ, వెతికేవాడికి అది ఎలాగూ కనిపిస్తుంది. అయితే ఆ పేరులో మీ ఇంటిపేరూ ఫ్లాట్ నంబరూ మాత్రం పెట్టకు.

అసలు చిక్కు మన మొహమాటంతోనే. చుట్టం వచ్చి, కాఫీ ఇంకా అందకముందే, “మీ వైఫై పాస్‌వర్డేంటమ్మా?” అని అడిగితే లేదనలేం. అనక్కర్లేదు కూడా. గెస్ట్ నెట్‌వర్క్ అని సెట్టింగుల్లో ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు. అందులోకి వచ్చినవాళ్లకు ఇంటర్నెట్ అందుతుంది, మీ లాప్‌టాప్, ప్రింటర్ అందవు. సీసీ కెమెరా, టీవీ కూడా దాని మీదే పెట్టించు. పండగ వెళ్లాక ఆ పాస్‌వర్డు మార్చుకున్నా ఎవరూ నొచ్చుకోరు.

అల్లుడు నీకంటే మొహమాటస్థుడు, అడిగినవాళ్లకు గెస్ట్‌దే ఇవ్వమని ఈ రాత్రే చెప్పిపెట్టు. ఆదివారం మీ నాన్న దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి రూటర్ పాస్‌వర్డులు కూడా ఓసారి చూసి మార్చి రా తల్లీ. వాడు నా మాట వినడు, నువ్వు చెబితే వింటాడు.