కథకు మొదలెక్కడ? – భారత భాగవతాల నుంచి చుండూరు దాకా ప్రతీకార విచారణ

తెలుగులో తీరేవి చాలా ఉన్నాయి. అప్పు, రుణం, మొక్కు, దాహం, ముచ్చట, పగ అన్నీ తీరేవే. వీటిలో అప్పునైనా మొక్కునైనా తీర్చేవాడు బాకీపడినవాడు. దాహానికీ ముచ్చటకూ ఎదుటిపక్షమే ఉండదు. పగ ఒక్కటే వీటికి భిన్నంగా నడుస్తుంది. తనకు అపకారం జరిగిందని భావించినవాడు, అంటే లెక్కప్రకారం రావలసినవాడు, తానే వెళ్ళి దాన్ని తీర్చుకుంటాడు. అయితే పగబట్టినవాని దృష్టి మరోలా ఉంటుంది. చనిపోయిన తండ్రికో బిడ్డకో తాను రుణపడ్డానని, శత్రువు ప్రాణంతో ఆ రుణం చెల్లిస్తున్నానని అతడు నమ్ముతాడు. ఇక్కడే చిక్కు వస్తుంది. ఈ అప్పులో రుణదాత మృతుడు. ముట్టిందని చెప్పడానికి అతడు లేడు. ఎంత చెల్లిస్తే సరిపోతుందో తేల్చేది చెల్లించేవాడే. ఏ తేదీ నుంచి లెక్క కట్టాలో నిర్ణయించేదీ అతడే.

ప్రతీకారాన్ని గురించిన నైతిక చర్చ సాధారణంగా క్షమ గొప్పదా, దండన గొప్పదా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ ప్రశ్న కంటె ముందు తేల్చవలసినది లెక్క మొదలయ్యే తేదీ. పగ తీర్చుకునే ప్రతివాడూ కథను తనకు తగిలిన గాయం దగ్గర మొదలుపెడతాడు. దానికి ముందున్నదంతా అతనికి పూర్వకథ మాత్రమే.

నన్నయ ఆదిపర్వం ఈ విషయాన్ని అసాధారణమైన ఓపికతో పరిశీలించింది. భారతకథ వైశంపాయనుని నోట వెలువడినది సర్పయాగ సందర్భంలో. అంటే కురుపాండవుల పగ కథను విన్న రాజు స్వయంగా పగ సాధించడానికి యాగం తలపెట్టినవాడు. ఆ యాగానికి కారణం వెతుకుతూ వెనక్కి వెళ్ళిన కొద్దీ మొదలు జరిగిపోతూ ఉంటుంది. జనమేజయునికి కథ తండ్రి పరీక్షిత్తు మరణంతో మొదలైంది, తక్షకుడు కాటువేశాడు. తక్షకుని పంపినది శృంగి శాపం. ఆ శాపానికి కారణం మౌనవ్రతంలో ఉన్న శమీకుని మెడలో పరీక్షిత్తు వేసిన చచ్చిన పాము. అక్కడితో ఆగితే అది ఒక రాజు తొందరపాటు కథ. కాని తక్షకునికి తన లెక్క తనకుంది. ఖాండవం దహనమైనప్పుడు అతడు అక్కడ లేడు. కొడుకు అశ్వసేనుని కాపాడబోయి అతని భార్య అర్జునుని బాణానికి చనిపోయింది. పరీక్షిత్తు ఆ అర్జునుని మనుమడు. ఇంకా వెనక్కి వెళితే, సర్పజాతి అగ్నిలో పడి నశించాలన్న శాపం పాముల తల్లి కద్రువే ఇచ్చింది. వినతను మోసగించే పందెంలో కొడుకులు తనకు సహకరించలేదని ఆమె కోపం.

ఈ గొలుసులో ఉదంకుడు మరింత ఆసక్తికరమైన పాత్ర. గురుపత్ని కోరిన కుండలాలను తక్షకుడు అపహరించాడు. నాగలోకం దాకా వెళ్ళి వాటిని తెచ్చి ఇవ్వడంతో ఉదంకుని పని ముగిసింది. అతనికి నష్టమేమీ మిగలలేదు. అయినా అతడు జనమేజయుని దగ్గరికి వచ్చి తండ్రి మరణాన్ని గుర్తుచేసి యాగానికి పురికొల్పాడు. తన అవమానాన్ని మరొకరి దుఃఖంతో తీర్చుకున్న వ్యక్తి ఇతడు. ప్రతీకార చరిత్రలో ఉదంకులకు కొదవ లేదు. వారి పేర్లు మాత్రం ఏ కథలోనూ కర్తల వరుసలో కనిపించవు.

నన్నయ ఈ కథలన్నిటికీ ముందు సరమ ఉదంతాన్ని నిలిపాడు. యజ్ఞశాలలో ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ముళ్ళు కొట్టారు. తల్లి సరమ వచ్చి నిలదీసింది. తగునో తగదో ఆలోచించకుండా నిరపరాధులను బాధించినవారికి కారణం తెలియని భయాలు వస్తాయని హెచ్చరించి వెళ్ళింది. ఆమె పగ తీర్చుకోలేదు. కుక్కకు జరిగినదే తరువాత యాగంలో పాములకు జరిగింది. కోట్లాది సర్పాలు హోమగుండంలో కాలిపోయాయి. వాటికి పరీక్షిత్తు ఎవరో తెలియదు. ఆస్తీకుడు వచ్చి యాగాన్ని ఆపించే సమయానికి ప్రాణాలతో మిగిలినవారిలో తక్షకుడొకడు. ఎవరికోసం అగ్ని రగిలిందో అతడు తప్ప మిగిలినవారు దగ్ధమయ్యారు. ఈ వ్యంగ్యాన్ని కథ నోరు విప్పి చెప్పదు గాని దాచనూ లేదు.

అదే పర్వంలోని రురుని కథ దీనికి చిన్న నమూనా. ప్రమద్వర పాముకాటుతో మరణించింది. తన ఆయుర్దాయంలో సగమిచ్చి రురుడు ఆమెను బతికించుకున్నాడు. నష్టం పూడినా పగ పూడలేదు. కనిపించిన పామునల్లా చంపుతూ తిరిగాడు. చివరికి ఎదురైనది డుండుభం, విషంలేని పాము. పేరు ఒకటైనంత మాత్రాన తమకు కాటువేసేవాటి నేరం అంటగట్టవద్దని అది వాదించింది. పగ వ్యక్తి నుంచి జాతికి, జాతి నుంచి పేరుకు ఎలా పాకుతుందో ఇంత క్లుప్తంగా చెప్పిన ఘట్టం భారతంలోనే మరొకటి కష్టం.

సౌప్తికపర్వంలోనూ ఇదే జారుడు కనిపిస్తుంది. అశ్వత్థామ లెక్క తండ్రి వధ దగ్గర మొదలైంది. ద్రోణుని తల నరికిన ధృష్టద్యుమ్నుని చంపేంతవరకు ఆ లెక్కకు ఒక పొంతన ఉంది. ఆ రాత్రే నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు ఐదుగురూ హతులయ్యారు. ద్రోణవధలో వారి పాత్ర ఏమీ లేదు. తరువాత ద్రౌపది ఏం చేసిందన్న విషయంలో తెలుగు పాఠకునికి రెండు సమాధానాలు లభిస్తాయి. తిక్కన భారతంలో ఆమె ప్రాయోపవేశానికి కూర్చుంటుంది, అశ్వత్థామ శిరోమణిని కోరుతుంది. మణి చేతికి వచ్చాక ఆమె చెప్పుకున్న మాటకు వ్యాసుని మూలంలో వాడిన పదం ‘ఆనృణ్యం’, రుణవిముక్తి. గురుపుత్రుడు కనుక ప్రాణం తీయనక్కరలేదని ఆమె సమాధానపడింది. ఇక్కడ పగ తీరనే తీరింది. తక్కువ మొత్తానికి తీరింది.

పోతన భాగవతం ప్రథమస్కంధంలోని ద్రౌపది వేరు. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెట్టినప్పుడు ఆమె విడిచిపెట్టమంటుంది. బిడ్డలు పోయి తాను ఏడుస్తున్నట్టే ఇతని తల్లి కృపి ఏడవకూడదన్నది ఆమె వాదన. దీన్ని క్షమాగుణంగా మెచ్చుకోవడం వ్యాఖ్యాతలకు అలవాటు. ఆ మెచ్చుకోలు ఆమె చేసిన పనిని కొంత తక్కువ చేస్తుంది. ద్రౌపది అశ్వత్థామ నేరాన్ని కొట్టివేయలేదు, తన దుఃఖాన్ని మరిచిపోలేదు. భర్తను పోగొట్టుకున్న కృపి వైపు నుంచి కూడా కథను ఒకసారి మొదలుపెట్టి చూసింది. ఆ మొదలు నుంచి చూస్తే ఎదుట కట్టుబడి ఉన్నవాడు హంతకుడే కాదు, ఒకరి కొడుకు కూడా. సర్పయాగాన్ని ఆపిన ఆస్తీకుడు కూడా తండ్రి వైపు ఋషి, తల్లి వైపు నాగుడు. రెండు మొదళ్ళూ తెలిసినవాడు కాబట్టే అతనికి ఆపే అర్హత వచ్చింది. కర్ణపర్వంలో కర్ణుడు సైతం, తల్లి పగకై తన బాణంలో చేరి గురితప్పిన అశ్వసేనుడు మళ్ళీ సంధించమని కోరినప్పుడు, పరుల బలంతో గెలవనని నిరాకరించాడు. వేరొకరి లెక్కను తన అమ్ములపొదిలో మోయడానికి అతడు ఒప్పుకోలేదు.

తెలుగు సినిమా దీనికి విలోమమైన కథనపద్ధతిని స్థిరపరచింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వంటి చిత్రాలతో ఫ్యాక్షన్ కథ ఒక ప్రత్యేక శాఖగా నిలిచింది. వీటిలో ప్రేక్షకుని నైతిక సమ్మతిని సంపాదించే ప్రధాన సాధనం ఫ్లాష్‌బ్యాక్. ‘ఇంద్ర’లో కాశీలో టాక్సీ నడుపుకునే సాధువైన మనిషి మొదట కనిపిస్తాడు, అతని గతం తరువాత తెరుచుకుంటుంది. ఈ తెరుచుకోవడం ఎక్కడ ఆగాలో దర్శకుడు ముందే నిశ్చయిస్తాడు. నాయకుని కుటుంబానికి జరిగిన అన్యాయం దగ్గర అది ఆగుతుంది. ప్రతినాయకునికి ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. ఆదిపర్వం వెనక్కి వెళ్ళిన కొద్దీ తీర్పు కష్టమైతే, సినిమాలో వెనక్కి వెళ్ళగానే తీర్పు సులువవుతుంది. రాజమౌళి ‘ఈగ’ (2012) ఈ సూత్రాన్ని చివరంటా తీసుకువెళ్ళింది. హతుడే మరుజన్మలో ఈగై వచ్చి హంతకుని వేధిస్తాడు. రుణదాతా వసూలుదారూ ఒక్కరే కనుక అక్కడ లెక్కకు చిక్కే లేదు. ఆ చిత్రం పంచిన ఆనందంలో కొంత భాగం ఈ శుభ్రత వల్లనే కావచ్చు. ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018) మాత్రం తరాల పగ వెనుక పేకాటలో తలెత్తిన అల్పమైన తగాదాను చూపి, మొదలు ఎంత చిన్నదో గుర్తుచేయడానికి ప్రయత్నించింది. అయితే శాంతి గురించి మాట్లాడే ఆ చిత్రానికీ ఆరంభంలో ఒక భీకర పోరాటం అవసరమైంది.

తెరకూ జీవితానికీ నడుమ గోడ కూలిన సందర్భం కూడా ఉంది. 1975లో హత్యకు గురైన పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా తీయదలచిన ‘శ్రీరాములయ్య’ చిత్ర ప్రారంభోత్సవం 1997 నవంబరు 19న హైదరాబాదులో జరిగింది. ఆ రోజు అక్కడ కారుబాంబు పేలింది. లక్ష్యమైన ఆయన కుమారుడు పరిటాల రవి గాయాలతో బయటపడ్డాడు. ఇరవైమందికి పైగా మరణించారు. వారిలో వార్త సేకరించడానికి వచ్చిన టెలివిజన్ సిబ్బంది ఉన్నారు. డుండుభం వాదన వారికి అక్షరాలా వర్తిస్తుంది. 2005 జనవరి 24న అనంతపురంలో రవి హత్యకు గురయ్యాడు. ఈ వైరాన్ని రామ్‌గోపాల్ వర్మ 2010లో ‘రక్తచరిత్ర’ పేరిట రెండు భాగాలుగా తీశాడు. రెండో భాగం విడుదలైన కొద్ది వారాలకే, 2011 జనవరిలో, రవి ప్రత్యర్థిగా పేరుపడిన మద్దెలచెరువు సూరి హైదరాబాదులో హత్యకు గురయ్యాడు. ఒక పక్షం చెప్పే కథ 1975లో మొదలవుతుంది. రెండో పక్షం కథ టీవీ పెట్టెలో అమర్చిన బాంబుకు సూరి కుటుంబీకులు బలైన రోజున మొదలవుతుంది. రెండూ నిజమైన గాయాలే. ఏ ఒక్కటీ రెండోదాన్ని తనలో ఇముడ్చుకోదు.

ఇంతవరకు జరిగిన చర్చ నుంచి, కథను వెనక్కి జరిపితే పగ చల్లారుతుందని సూత్రీకరించడం తేలిక. ఆ తేలికకు తెలుగునేల మీదే ఒక బలమైన అభ్యంతరం ఉంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు ఊచకోతకు గురయ్యారు. దానికి కొన్ని వారాల ముందు ఒక సినిమా హాలులో దళిత యువకుని కాలు అగ్రకుల యువకునికి తగిలిందన్న గొడవ జరిగింది. హత్యాకాండను సమర్థించదలచినవారు కథను సరిగ్గా ఆ హాలు నుంచి మొదలుపెడతారు. మొదలును వెనక్కి జరపడం ఇక్కడ వివేకం కాదు, సాకు. ఇంకా వెనక్కి, ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరం దాకా వెళ్ళడానికి మాత్రం వారెవరూ ఇష్టపడరు.

కాబట్టి మొదలును జరుపుతున్నది ఎవరన్నదే నిర్ణాయకమవుతుంది. ద్రౌపదికి కృపిని గుర్తుచేసినవారు లేరు. ఆమె తనంతట తాను తలచుకుంది. ఆ మాటనే అశ్వత్థామ అని ఉంటే అది ధూర్తవాదమయ్యేది. గాయపడినవారు స్వయంగా చూపు మరల్చుకుంటే ఔదార్యం. గాయపరచినవారు ఆ చూపును డిమాండు చేస్తే మరో గాయం. క్షమను కీర్తించే వ్యాసాలు ఈ తేడాను తరచుగా దాటవేస్తాయి. కారంచేడు, చుండూరు బాధితులకు క్షమ గురించి చేసిన ఉపదేశాలు ఈ దాటవేత నుంచే పుట్టాయి.

పగకూ న్యాయానికీ భాషలో ఉన్న తేడాను కూడా ఇక్కడ గమనించవలసి ఉంది. పగ ‘తీర్చుకుంటారు’, దానికి కర్త తప్పనిసరి. న్యాయం ‘జరుగుతుంది’, దానికి కర్త కనిపించడు. ఆ కర్త స్థానంలో నిలబడతానని రాజ్యం మాట ఇచ్చింది కనుకనే బాధితుడు కత్తి పట్టకుండా వేచి ఉంటాడు. చుండూరు బాధితులు ఆ మాటను నమ్మారు. ఊరు విడిచి తెనాలిలో తలదాచుకున్నారు, ఉద్యమించారు, విచారణ తమ ఊళ్ళోనే జరగాలని కోరి సాధించుకున్నారు. ఆ ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను రద్దుచేసి నిందితులను విడుదల చేసింది.

పదహారేళ్ళు వేచిన తరువాత వచ్చిన తీర్పు, ఏడేళ్ళకు కొట్టివేయబడింది. ఈ వ్యవధిలో ఆ బాధితులు ప్రతిహత్యకు దిగలేదు. వారిని ఆస్తీకులనడం గాని, పోతన ద్రౌపదితో పోల్చడం గాని సరికాదు. వారు విడిచిపెట్టమనలేదు, శిక్షించమనే అడిగారు. తమ మృతులను ఊరి నడుమనే పూడ్చి ఆ చోటికి ‘రక్తక్షేత్రం’ అని పేరుపెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడే సమావేశమవుతారు. సినిమా హాలు గొడవ తేదీన కాదు.