ఓడ ఆగిన దినము

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 21:1–6



పౌలును అతని వెంటనున్నవారును పతరలో ఎక్కినది సరకుల ఓడ. అది తూరు పట్టణమున సరకు దింపవలసి యుండెను గనుక వారక్కడ ఏడు దినములు నిలిచిరి. ఓడ ఆగినది పౌలు కొరకు కాదు, సరకు కొరకు. అయినను దొరికిన ఆ సమయమున వారేమి చేసిరో చూడుడి: ఆ ఊరి శిష్యులు ఎక్కడనున్నారో వెదకి కనుగొనిరి. తూరు గొప్ప రేవు. చూడదగినవి, కొనదగినవి అందు చాల ఉండియుండును. లూకా వాటిలో ఒక్కటియు వ్రాయలేదు.

ఈ భాగమున లూకా "మేము" అని వ్రాయుచున్నాడు. మేమును మా సంగతి ఒకటి అట్లే చెప్పవలసియున్నది. చెప్పుటకు కొంచెము సిగ్గుగనే యున్నది.

అమెరికాలోనున్న పిల్లలు కరీబియను సముద్రపు దీవులు చూపుటకు మమ్మును ఓడ యెక్కించిరి. సరకు మోయునది కాదు. ఉల్లాసముగా తిరుగువారి కొరకే కట్టిన క్రూయిజు ఓడ. అట్టి ఓడలలో మిక్కిలి పెద్దవి ఐదు వేలకు పైబడిన ప్రయాణికులను మోయును. రాత్రి నడచి ఉదయమున ఒక రేవు చేరును, సాయంకాలము మరల కదలును. చెప్పిన గడియకు ఎక్కనివారిని విడిచిపోవును. మన ఊరి ఆఖరి బస్సు డ్రైవరైతే ఎరిగిన మనిషి పరుగెత్తి వచ్చుట చూచి ఆపును. ఓడకు ఆ దాక్షిణ్యము లేదు.

ఒక దినము జమైకా ద్వీపపు ఉత్తర తీరమునందలి ఫాల్మౌత్‌లో ఆగితిమి. ఈ పెద్ద ఓడల కొరకు 2011లో తెరచిన రేవు అది. లోపల అంగళ్ళు, చుట్టు కంచె; కంచె కవతల 1769లో వెలసిన పాత ఊరు. ఊరు చూచుటకు ఎవరికి తీరిక? కారు కుదుర్చుకొని దగ్గరనున్న సముద్రతీరమునకు పోతిమి. అక్కడి నీరు మన బంగాళాఖాతము వలె విరుచుకుపడదు. ఒడ్డునకు కొంత దూరమున పగడపు దిబ్బలు అలల బలమును విరుచును గనుక చెరువు వలె నుండును. పిల్లలు ఆడిరి. మేము మోకాలిలోతు నీటిలో నిలిచి మాటిమాటికి గడియారము చూచుకొంటిమి.

చెట్టు నీడన ఒక ముసలమ్మ వేయించిన చేపలు, కర్రపెండలపు రొట్టెలు అమ్ముచుండెను. చేప మీద వెనిగరులో ఊరిన ఉల్లిపాయలు, మిరపకాయలు. ఆ కారము గుంటూరువారి చేతనైనను నీళ్ళు అడిగించును. తీరమున చేపయు రొట్టెయు చూచినప్పుడైన యోహాను సువార్త 21వ అధ్యాయము జ్ఞాపకమునకు రావలసినది. రాలేదు. బేరమాడితిమి.

తినుటకు ముందు మేము కన్నులు మూసికొనుట ఆమె చూచెను. ఇండియా నుండి వచ్చిన విశ్వాసులమని తెలియగానే ఆమె ముఖము వెలిగినది. తనది ఫాల్మౌత్‌లో విలియం నిబ్ పేరు గల బాప్తిస్టు మందిరమని చెప్పెను. విలియం కేరీని మన దేశమునకు పంపిన సంఘము 1792లో ఏ కెట్టరింగులో పుట్టెనో, నిబ్ దొర ఆ ఊరివాడే. 1825లో జమైకా చేరి, చెరకు తోటల బానిసల పక్షమున నిలిచెను. 1831 క్రిస్మసు దినములలో బానిసలు తిరుగబడిరి. వారి నాయకుడు సామ్ షార్ప్ బాప్తిస్టు డీకను, 1832లో ఉరితీయబడెను. తోటల దొరల పక్షమువారు మందిరములు కూల్చిరి. నిబ్ ఇంగ్లాండు పోయి పార్లమెంటు సంఘముల ముందు సాక్ష్యమిచ్చెను. 1834లో చట్టము అమలునకు వచ్చినను ఇంకను నాలుగేండ్లు నిర్బంధపు పని తప్పలేదు. 1838 జూలై 31 రాత్రి ఫాల్మౌత్ సంఘము మందిరమున కూడి అర్ధరాత్రి కొరకు కనిపెట్టెను. విడుదల వచ్చెను. గొలుసును, కొరడాను, ఇనుప మెడపట్టీని శవపేటికలో పెట్టి భూస్థాపన చేసిరి.

"మావారు నవ్వుచు చేసిన సమాధి అదొక్కటే" అని ఆమె చెప్పి, "నా మనుమడు ఇట్టి ఓడలోనే వంటశాలలో పని చేయుచున్నాడు. చూచి ఏడు నెలలైనది. ఇక్కడనే కలిసి ప్రార్థింతమా?" అని అడిగెను.

మేము గడియారము చూచితిమి. "ఓడలో ప్రార్థింతుములే, అమ్మా" అని డబ్బు చేతిలో పెట్టి కారెక్కితిమి. రేవు చేరునప్పటికి ఓడ కదలుటకు ఇంకను గంట యుండెను. ఆ గంట చల్లని పానీయములు త్రాగుచు ఓడ మేడమీద గడిపితిమి.

తూరు తీరమున ఏమి జరిగెను? విశ్వాసులందరు భార్యలతోను పిల్లలతోను ఊరి వెలుపలికి వచ్చిరి. ఇసుకలో మోకాళ్ళూనిరి. పౌలు ఓడకును గడియ యుండెను. యెరూషలేములో అపాయమున్నదని వారెరుగుదురు. అయినను తొందరపడి ప్రార్థన మానలేదు, ఓడయు తప్పిపోలేదు. సంతలోను, ఆసుపత్రి వరండాలోను, ఆలస్యమైన రైలు కొరకు కూర్చున్న ప్లాట్‌ఫారము మీదను మనకు తూరు తీరములు ఎన్ని దొరికినవో, ప్రక్కనున్న మనిషిని ఎన్నిసార్లు చూడక లేచిపోతిమో, సహోదరులారా, లెక్క చూచుకొనుడి. మేము చూచుకొనుచున్నాము.

ఆ రాత్రి భోజనమున ఒక యువకుడు పళ్ళెములు తెచ్చెను. అతని రొమ్ము మీది బిళ్ళపై పేరును దేశమును వ్రాసియుండెను. జమైకా కాదు, ఫిలిప్పీన్సు. ముసలమ్మ పేరు గాని ఆమె మనుమని పేరు గాని మేమడిగి యుండలేదు. ఇతనిని అడిగితిమి, ఇంట ఎవరున్నారని. తల్లి యున్నదట, మోకాళ్ళ నొప్పులట. ఆ బల్లయొద్దనే ఆమె పేరు చెప్పి, పేరు తెలియని ఆ ముసలమ్మను కూడ తలంచి, తెలుగులోనే ప్రార్థించితిమి. అతనికి ఒక్క మాటయు తెలియదు. పళ్ళెములు చేతిలో పట్టుకొనియే తల వంచి నిలిచెను.