పద్నాలుగో పేజీ

"సార్, పద్నాలుగో పేజీ దాకా ఎర్రసిరా ఉంది. అక్కణ్నుంచి తప్పుల్లేవా సార్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది నా పరిశోధక విద్యార్థిని. ఐదు నెలల కిందట నా చేతికిచ్చిన అధ్యాయం అది. స్పైరల్ బైండింగు చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించి తెచ్చింది. మొదటి రోజు సాయంత్రం ఉత్సాహంగా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పద్నాలుగో పేజీ దగ్గర ఎవరో వస్తే లేచాను. మళ్లీ కూర్చోలేదు. అధ్యాయం బీరువాలోకి పోయింది. వరండాలో ఆమె ఎదురైనప్పుడల్లా "చూస్తున్నానమ్మా" అంటూ వచ్చాను. చివరికి ఆమే నోరు తెరిచి అడిగితే, బీరువాలోంచి తీసి, దుమ్ము తుడిచి, "బాగుంది, తర్వాతి అధ్యాయం మొదలుపెట్టు" అని ఇచ్చేశాను.

ఆ ఐదు నెలల్లో నాకు పనులు లేకపోలేదు. తనిఖీకి నాక్ కమిటీ వచ్చింది, దూరవిద్య పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చాయి, శాఖలో సెమినార్ జరిగింది. అన్నీ నిజమే. ఆ ఐదు నెలల్లోనే రెండు సన్మాన సంచికలకు వ్యాసాలు రాసి ఇచ్చానన్నదీ నిజమే.

ఉద్యోగ విరమణ చేశాక మనిషికి లెక్కలు వేసుకునే తీరిక దొరుకుతుంది. ఆమెది జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. మొదటి రెండేళ్లు జేఆర్ఎఫ్, తర్వాత మూడేళ్లు ఎస్ఆర్ఎఫ్, మొత్తం ఐదేళ్లు. అందులో ఐదు నెలలంటే సరిగ్గా పన్నెండో వంతు. ఒక మనిషి పాతికేళ్ల వయసులో బతికే ఐదేళ్లలో పన్నెండో వంతు నా బీరువాలో తాళం వేసి పెట్టాను. దానికి నన్ను అడిగినవాళ్లు లేరు. సంజాయిషీ రాయమన్న మెమో ఏదీ రాలేదు. క్లాసు ఎగ్గొడితే పదిమంది విద్యార్థులకు తెలుస్తుంది. అధ్యాయం చదవకపోతే తెలిసేది ఒక్కరికే, ఆ ఒక్కరూ బయటికి చెప్పలేని మనిషి.

మన భాషలో పరిశోధక విద్యార్థికి దారి చూపే ఈ ఉద్యోగానికి సరైన మాట కూడా కుదిరినట్టు లేదు. సిద్ధాంత గ్రంథం అట్టమీద 'పర్యవేక్షకులు' అని అచ్చేస్తాం. ఆ మాట వింటే పరీక్ష హాల్లో చీటీలు వెతికే మనిషి గుర్తొస్తాడు. వ్యవహారంలో 'గైడు' అంటాం. పదో తరగతి పిల్లలు పరీక్ష ముందు కొనుక్కునేదీ గైడే, గోలకొండలో కింద చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందని చూపించేవాడూ గైడే. ఒకటి జవాబులు కంఠతా పట్టిస్తుంది, ఇంకోటి తెలిసిన దారిలోనే తిప్పుతుంది. పరిశోధనకు ఈ రెండూ పనికిరావు. అయినా మా తరంలో చాలామందిమి ఈ రెంటిలో ఏదో ఒకటిగానే ఉండిపోయాం. 'ఫలానా వారి నవలలు - సమగ్ర పరిశీలన' అనే శీర్షికలు ఎన్ని వందలు వచ్చాయో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

నిబంధనలు లేవని కాదు. 2016లో యూజీసీ ఇచ్చినవీ, వాటి స్థానంలో 2022లో వచ్చినవీ, రెండూ నా దగ్గరున్నాయి. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించకూడదు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు. పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లకు మించకూడదు. స్త్రీలకు ప్రసూతికీ, పిల్లల పెంపకానికీ 240 రోజుల సెలవు. కొత్త నిబంధనల ప్రకారం సెమిస్టరుకోసారి సలహా సంఘం ముందు విద్యార్థి తన పని చూపించాలి. మంచివే. ఎంతమందిని తీసుకోవచ్చో వాటిలో ఉంది, ఎన్నాళ్లు పట్టాలో ఉంది. ఇచ్చిన అధ్యాయాన్ని గైడు ఎన్నాళ్లలో చదివి తిరిగివ్వాలో మాత్రం వెతికితే దొరకలేదు. అది మర్యాదకు వదిలేశారు. మర్యాద చూపించాల్సినవాడు పెద్దవాడు, అడగాల్సినవాడు చిన్నవాడు అయినప్పుడు అది ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాల్లో గైడు కాకుండా పరిశోధక విద్యార్థుల బాగోగులు చూడటానికి శాఖలో వేరే అధ్యాపకుడు ఉంటాడు, ట్యూటర్ అంటారు. సిద్ధాంత గ్రంథంతో ఆయనకు పని లేదు. విద్యార్థి ఎలా ఉన్నాడు, గైడుతో పొసగుతోందా, డబ్బుకు ఇబ్బందా, గడువు దాటిపోతోందా, ఇవి చూస్తాడు. గైడు మీద చెప్పుకోవాలంటే వెళ్లి తట్టడానికి ఒక తలుపుంది. మా శాఖలో పరిశోధక విద్యార్థి ఏ అర్జీ పెట్టుకున్నా 'గైడు ద్వారా, శాఖాధిపతి ద్వారా' అని రాసి పంపాల్సి వచ్చేది. నా మీద ఫిర్యాదు చేయాలన్నా దాని అడుగున నా సంతకమే కావాల్సి వచ్చేది. మేం స్టాఫ్ రూములో ఈ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పనికి మార్కులు వేసేవాడూ, మనిషి బాగోగులు చూడాల్సినవాడూ ఒకే కుర్చీలో కూర్చుంటే మొదటివాడే గెలుస్తాడు. కాబట్టి మన గైడు ఆ రెండోవాణ్ని కావాలని, రోజూ గుర్తు చేసుకుని మరీ బతికించుకోవాలి. అందుకు పెద్ద త్యాగాలేం అక్కర్లేదు. ఫెలోషిప్ కాగితం మీద సంతకం అడిగిన రోజే పెట్టడం, అంతే. ఒక సంతకం ఆలస్యమైతే ఒక నెల, ఒక్కోసారి రెండు నెలలు డబ్బు రాదు. హాస్టల్ మెస్ బకాయి పెరుగుతుంది. ఊళ్లో అమ్మకు పంపే రెండు వేలు ఆగిపోతాయి. 2016 జనవరి 17న హైదరాబాద్‌లో చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో, తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్భై ఐదు వేల రూపాయలు తన కుటుంబానికి అందేలా చూడమని రాశాడు. అదే ఉత్తరంలో నక్షత్రాల గురించి రాసిన కుర్రాడు ఆ అంకె కూడా రాయాల్సి వచ్చింది. పరిశోధక విద్యార్థులున్న ప్రతి అధ్యాపకుడూ ఆ ఉత్తరంలో ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలని నాకనిపిస్తుంది.

ఇక విద్యార్థుల చేత గ్యాస్ బండ తెప్పించడం, కరెంటు బిల్లు కట్టించడం, మనవణ్ని బడి నుంచి తీసుకురమ్మనడం, ఇవి గురుకులం నాటి శుశ్రూష అని సమర్థించుకునేవాళ్లను చూశాను. వైవా రోజు శాలువాలు, పరీక్షకుడి కారు, హోటల్ భోజనాలు విద్యార్థి నెత్తిన పడటం కూడా చూశాను. దీని మీద ఇంతకన్నా రాయను. చేసేవాళ్లకు అది తప్పని తెలుసు.

ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆమెది నల్లగొండ జిల్లా, నేతపనివాళ్ల ఇల్లు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద, 1962లో. రెండోది చేనేత మీద, 1971లో. ఆ రెండో సంపుటం పట్టుకుని తన చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, అందులో మాటలు ఎన్ని ఇంకా నోళ్లలో ఉన్నాయో, ఎన్ని గుంటమగ్గంతో పాటే పోయాయో, అందులోకి ఎక్కనివి ఏమున్నాయో చూడటం ఆమె పని. ఈ అంశం నేనిచ్చింది కాదు. నేను ఒక కవి పేరు చెప్పాను. ఆమె రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి, "పడుగు, పేక, ఆసు, కండె... ఇవి నాకు పుట్టుకతో వచ్చిన మాటలు సార్, వీటి మీద చేస్తాను" అంది. ఒప్పుకున్నాను. గైడుగా నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. చేసిందల్లా అడ్డు తప్పుకోవడమే.

ఆ పద్నాలుగు పేజీల్లో నేను పెట్టిన ఎర్రగీతల సంగతీ చెప్పాలి. ఆరో పేజీలో ఒక మాట చివరి అచ్చు తప్పుగా పడిందనుకుని, కొట్టేసి, నిఘంటువులో ఉన్న రూపం పక్కన రాశాను. ఆమె ఆ పేజీ తిప్పి చూపించి, "ఇది అచ్చుతప్పు కాదు సార్. మా నాయనమ్మ అట్లనే అంటది" అంది. ఆమె ఊరూరూ తిరిగి పోగుచేసింది సరిగ్గా అలాంటి మాటలనే. అలాంటిదాన్ని నేను చెరిపేశాను. పద్నాలుగు పేజీలు చదివి చేసిన నిర్వాకం అది. తక్కిన నూట పది పేజీలు చదవకపోవడమే మేలయిందేమోనని ఒక్కక్షణం అనిపించింది.

అడ్డు తప్పుకున్న గైడంటే నాకు ఒక పెద్దాయన గుర్తొస్తారు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేశారు. అది 1958లో పుస్తకంగా వచ్చింది. గైడు ఖండవల్లి లక్ష్మీరంజనం గారు సంప్రదాయ సాహిత్యంలో తలపండినవారు. ఊళ్లలో ఆడవాళ్లు పాడుకునే పాటలకు డాక్టరేటేమిటని ఆ రోజుల్లో పెదవి విరిచేవాళ్లు తక్కువేం కాదు. తన దారి కాని దారిలో శిష్యుణ్ని పోనిచ్చిన పెద్దాయన మీద నాకు గౌరవం. శిష్యుడి పుస్తకాల గురించి అందరం మాట్లాడుకుంటాం, ఆయన అలా పోనిచ్చిన సంగతిని ఎవరూ తలుచుకోరు.

ఆ అమ్మాయి సిద్ధాంత గ్రంథం ఇచ్చింది, వైవా బాగా జరిగింది, డిగ్రీ వచ్చింది. కానీ గ్రంథం ఇవ్వడానికి ముందే ఫెలోషిప్ అయిపోయింది. చివరి నాలుగు నెలలు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పొద్దున్న ఏడింటి నుంచి పాఠాలు చెప్పి, రాత్రుళ్లు రాసుకుంది. నా ఐదు నెలలు అక్కడ తేలాయి. ఆమె నన్ను ఏమీ అనలేదు. తర్వాత ఓ పెళ్లిలో కనిపిస్తే కాళ్లకు దణ్ణం కూడా పెట్టింది. నాకు నోట మాట రాలేదు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టాను. మూడే గళ్లు: ఎవరిది, ఏ రోజు తీసుకున్నాను, ఏ రోజు తిరిగిచ్చాను. ఇరవై ఒక్క రోజులు దాటకూడదని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. విరమణ దాకా పదకొండుసార్లు దాటింది. దాటిన ప్రతిసారీ గడి పక్కన కారణం రాశాను. ఇప్పుడు తిరగేస్తే ఆ పదకొండులో మూడే అసలైన కారణాలు.

మీరు గైడుగా ఉండి ఇది చదువుతుంటే, పత్రిక పక్కన పెట్టి ఒకసారి మీ బీరువా తెరవండి.