మొదటి మాట నెగ్గుతుందా, చివరి మాట నెగ్గుతుందా?

కథకు ఎత్తుగడ ముఖ్యమా, ముగింపు ముఖ్యమా అని సినిమావాళ్లు ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నారు. 16వ శతాబ్దంలో దక్షిణాదిన ఇద్దరు మహాపండితులు దాదాపు ఇదే ప్రశ్న మీద పోటాపోటీగా పుస్తకాలే రాశారు. అద్వైతి అప్పయ్య దీక్షితులు తన పుస్తకానికి ‘ఉపక్రమపరాక్రమం’ అని పేరు పెట్టారు. మాధ్వుడైన విజయీంద్ర తీర్థులు ‘ఉపసంహారవిజయం’తో జవాబిచ్చారు. ఉపక్రమం అంటే మొదలు, ఉపసంహారం అంటే ముగింపు. ఎవరూ తగ్గేరకం కాదని పేర్లే చెబుతున్నాయి! ఈ తగవుకు మూలం విజయనగరంలో కృష్ణదేవరాయల మన్నన పొందిన యతి వ్యాసతీర్థులు. ముగింపుకే బలమెక్కువని ఆయన పక్షం.

వాళ్లు కొట్టుకున్నది వినోదం గురించి కాదు, వేదం గురించి. వేదవాక్యం మొదట ఒకటి, చివర ఇంకొకటి చెబుతున్నట్టు కనిపిస్తే దేన్ని పట్టుకోవాలి? దేవుడికీ జీవుడికీ ఉన్న సంబంధం దాకా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది మరి.

వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులు చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. అగ్ని నుంచి ఋగ్వేదం, వాయువు నుంచి యజుర్వేదం, సూర్యుడి నుంచి సామవేదం పుట్టాయంటూ ఒక వేదభాగం మొదలవుతుంది. చివరికొచ్చేసరికి, ఋక్కుతో చేసే పని గట్టిగా, యజుస్సుతో చేసేది లోగొంతుతో చెయ్యమంటుంది. ఋక్కు అంటే ఛందస్సున్న మంత్రమని కూడా అర్థముంది. అలాంటప్పుడు యజుర్వేదంలో ఉన్న ఋక్కును ఎలా చదవాలి? లోగొంతుతోనే అన్నాడు మీమాంసాసూత్రాలు రాసిన జైమిని. మొదట వేదాల ఊసు వచ్చింది కాబట్టి చివరి మాటకూ వేదమనే అర్థం చెప్పుకోవాలి. మొదటి మాట పుట్టేటప్పటికి దానికి అడ్డు చెప్పే మాట ఇంకా పుట్టలేదు. వినేవాడి మనసులో అది హాయిగా పీట వేసుకుని కూర్చుంటుంది. తరవాత వచ్చినవే సర్దుకోవాలి.

ఇంతటితో అయిపోతే వ్యాసతీర్థుల వాదంలో పస లేనట్టే. కానీ అదే జైమిని మరోచోట తిరగేసి చెప్పాడు. సోమయాగంలో ఋత్విక్కులు ఒకరి వెనక ఒకరు, ముందువాడి బట్ట పట్టుకుని వరసగా నడుస్తారు. వాళ్లలో ఉద్గాత అనే ఋత్విక్కు పట్టు జారితే దక్షిణ లేకుండా ఆ యాగం ముగించి, మళ్లీ చెయ్యాలి. ప్రతిహర్త అనే ఇంకో ఋత్విక్కు పట్టు జారితే యజమాని తనకున్నదంతా దక్షిణగా ఇచ్చెయ్యాలి. ఒకరి తరవాత ఒకరు జారితే? ఏమీ ఇవ్వకపోవడం, అంతా ఇచ్చెయ్యడం ఒకేసారి కుదరవు. అప్పుడు రెండోసారి జరిగిన తప్పుకు చెప్పిన ప్రాయశ్చిత్తమే చెల్లుతుంది. ఇక్కడ నెగ్గింది తరవాతిదే.

ఈ చిక్కుముడి విప్పే దారి తరవాతి మీమాంసకుడు కుమారిలభట్టు చూపించాడు. ఒకదానితో ఒకటి పని లేకుండా విడివిడిగా పుట్టినవైతే తరవాతిది బలం. చివరిది మొదటిదాన్ని ఆనుకుని ఉంటే మాత్రం మొదటిదే బలం.

ఇలా ఆనుకుని ఉండటమంటే ఏమిటో తెలియాలంటే ఛాందోగ్యోపనిషత్తు 6వ అధ్యాయం చూడండి. పన్నెండో ఏట గురువు దగ్గరికి వెళ్లిన శ్వేతకేతువు ఇరవైనాలుగో ఏట వేదాలన్నీ చదివేసి, తల ఎగరేసుకుంటూ ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: దేన్ని తెలుసుకుంటే తెలియనిదంతా తెలిసిపోతుందో, దాని గురించి మీ గురువునడిగావా? కుర్రాడి పొగరు అక్కడే దిగిపోతుంది. ఆ తరవాత మట్టిముద్ద వచ్చినా, మర్రిగింజ వచ్చినా, నీళ్లలో కరిగిన ఉప్పు వచ్చినా అన్నీ ఆ ప్రశ్నను ఆనుకునే వస్తాయి. తండ్రి తొమ్మిదిసార్లు చెప్పిన ‘తత్త్వమసి’ ఉపదేశంలో అద్వైతులకు జీవుడూ బ్రహ్మమూ ఒకటేనన్న మాట వినిపించింది. మాధ్వులు అదే వాక్యాన్ని వేరేలా విడదీసి, కాదు, వేరువేరన్నారు. ఇంత కథ నడిపించిన ఆరంభాన్ని బలహీనమని ఎవరనగలరు?

సినిమాలో కుమారిలుడి సూత్రానికి గట్టి పరీక్ష హిచ్‌కాక్ ‘సైకో’. 1960లో అది విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని ఆయన పట్టుబట్టాడు. ఆఫీసు డబ్బు 40,000 డాలర్లు కాజేసి పారిపోయే అమ్మాయి కథలా మొదలవుతుంది సినిమా. ఆ పాత్ర వేసిన జానెట్ లీ పెద్ద తార. అయినా సగం దాకా రాకుండానే, దారిలో దిగిన ఒక మోటెల్‌లో ఆమె హత్యకు గురవుతుంది. డబ్బేమో కారుతోపాటు ఊబిలో మునిగిపోతుంది. పైకి చూస్తే ముగింపు మొదటిదాన్ని మింగేసినట్టే. కానీ దొంగతనమే లేకపోతే ఆమె ఆ మోటెల్ తలుపు తట్టేదే కాదు. ఇక్కడ గెలుపు అప్పయ్య దీక్షితులదే.

ఇదే కొలత మన హీరో ఎంట్రీలకు పెడితే చాలా సినిమాలు నిలబడవు. పదిమందిని గాల్లోకి లేపే ఫైటు, వెంటనే ఒక పాట. విజిళ్లు పడతాయి, కాగితాలు ఎగురుతాయి. ఆ పావుగంటా కోసేసి చూస్తే కథకు ఏ లోటూ రాదు. విలన్‌కూ, హీరోయిన్‌కూ, చివరి పోరాటానికీ దానితో పని ఉండదు. అలాంటప్పుడు ఆ ఎంట్రీకి ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా, దాన్ని బలమైన ఓపెనింగ్ అనడానికి వీల్లేదు.