కోపం వస్తే కూర్చోమన్నారెందుకు?

పదో తరగతి జీవశాస్త్రంలో మన పిల్లలు నియంత్రణ, సమన్వయం గురించి ఒక పాఠం చదువుతారు. నాడులు ఏం చేస్తాయి, హార్మోన్లు ఏం చేస్తాయి, మొక్క వెలుతురు వైపు ఎందుకు వంగుతుంది అన్నవి అందులోని విషయాలు. పరీక్ష కాగానే చాలామంది దాన్ని మరచిపోతారు. నిజానికి పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో గొంతు పెంచే అలవాటున్న మగవాళ్ళు, మళ్ళీ ఒకసారి తెరిచి చదవవలసిన పాఠం అది. కోపం మన శరీరంలో ఎలా లేస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో ఆ పాఠాన్ని బట్టే అర్థమవుతుంది.

సృష్టికర్త ప్రాణులన్నిటికీ ఒకే తరహా ఏర్పాటు చేయలేదు. మొక్కకు మెదడు లేదు, నాడులు లేవు. అయినా దాని పనులేవీ ఆగలేదు. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రచురించిన పుస్తకంలో గడ్డిజాతి మొలకల మీద చేసిన పరీక్షలను వివరించారు. మొలక కొనకు వెలుతురు సోకని తొడుగు వేస్తే అది వంగలేదు. తొడుగు తీస్తే వంగింది. కొనలో పుట్టే ఏదో సందేశం కిందికి దిగుతోందన్నమాట. ఆ సందేశమే ఆక్సిన్ అనే హార్మోను. వెలుతురు పడని వైపు అది ఎక్కువగా చేరి, అక్కడి కణాలను పొడవుగా సాగదీస్తుంది. దాంతో కాండం వెలుతురు వైపు వంగుతుంది. ఇదంతా గంటల మీద జరిగే పని. మొక్కకు తొందర లేదు, అది పారిపోవలసిన అవసరమూ లేదు. ముట్టుకోగానే ఆకులు ముడుచుకునే అత్తిపత్తి లాంటివి కొన్ని ఉన్నాయి కాని, అవి తక్కువే.

మామిడికాయనే చూడండి. గడ్డిలో మాగవేస్తే కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు వెలువడి, కాయను లోపలి నుంచి పండిస్తుంది. అదీ హార్మోనే. కొందరు వ్యాపారులు ఆ నాలుగు రోజులు ఆగలేక కార్బైడ్ పొట్లాలు పెడతారు. దాని నుంచి వచ్చే వాయువు ఇథిలీన్ పనిని అనుకరిస్తుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి విషపదార్థాల జాడలుంటాయి కనుక 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు అలా పండించిన కాయల అమ్మకాన్ని నిషేధించాయి. ఓపిక లేనివాడి చేతిలో పండు కూడా చెడిపోతుంది!

ఇక కదిలే ప్రాణుల సంగతి వేరు. కాలి దగ్గర పాము కనిపిస్తే గంటల తరబడి ఆలోచించే వీలుండదు. అందుకే మనిషికీ జంతువులకూ రెండు రకాల వార్తాహరులను ఇవ్వడం జరిగింది. మొదటిది నాడి. వేగంగా పనిచేసే నాడీతంతువుల్లో సందేశం సెకనుకు దాదాపు 120 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. వేడి పెనం తగలగానే చేయి వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఆజ్ఞ వెన్నుపాము నుంచే వస్తుంది, నొప్పి సంగతి మెదడుకు తెలిసేది ఆ తరువాతే. రెండవది హార్మోను. వినాళ గ్రంథుల నుంచి నేరుగా రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. ఈ పదాన్ని ఇంగ్లాండుకు చెందిన స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త 1905లో వాడుకలోకి తెచ్చాడు.

ఈ రెండింటికీ తేడా ఏమిటి? నాడి అంటే ఒక్క ఇంటికే చేసిన ఫోను లాంటిది. హార్మోను అంటే మస్జిద్ మైకులో చేసిన ప్రకటన. ఊరంతా వింటుంది, కాని దానితో పని ఉన్నవాళ్ళే కదులుతారు. ఫోను పెట్టేయగానే మాట ఆగిపోతుంది. మైకులో చెప్పిన మాట మాత్రం మైకు కట్టేసిన తరువాత కూడా ఊళ్ళో తిరుగుతూనే ఉంటుంది.

కోపంలో జరిగేది సరిగ్గా ఇదే. ఎదుటివాడు ఒక మాట అన్నాడు. చెవిన పడిన ఆ మాటను మెదడు అవమానంగా గుర్తించగానే నాడుల ద్వారా కబురు పరుగెత్తుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, రక్తం జీర్ణకోశం నుంచి కండరాలకు మళ్ళుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు కూడా అదే కబురు అందుతుంది. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది. శరీరం యుద్ధానికి సిద్ధమైంది. కాని ఎదురుగా ఉన్నది శత్రువు కాదు. కూరలో ఉప్పు ఎక్కువ వేసిన భార్య, లేదా గ్లాసు పగలగొట్టిన ఏడేళ్ళ కొడుకు!

రక్తంలోని అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లో సగానికి తగ్గుతుంది. మళ్ళీ కదిలించే మాట పడకపోతే కొద్ది నిమిషాల్లో దాని ఉధృతి అణగిపోతుంది. దాని వెనకాలే నెమ్మదిగా పెరిగే కార్టిసాల్ అనే మరో హార్మోను మాత్రం గంటకు పైగా నిలుస్తుంది. అంటే మనిషి "నా కోపం పోయింది" అనుకున్న తరువాత కూడా అతని రక్తం ఇంకా పూర్తిగా చల్లబడలేదు. అదే విషయాన్ని మళ్ళీ ఎత్తితే రెండోసారి మంట త్వరగా అంటుకుంటుందని సంసారం చేసినవాళ్ళందరికీ తెలుసు.

వేగాన్ని పెంచిన ప్రభువు పగ్గం కూడా ఇచ్చాడు. మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ 1921లో ఒక కప్ప గుండెలో ఈ నాడిని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించాడు. రెండో గుండె కూడా నెమ్మదించింది! నాడి కూడా చివరికి ఒక రసాయనం ద్వారానే గుండెకు కబురు చెబుతుందని అలా రుజువైంది. 1936లో ఆయన నోబెల్ బహుమతిని హెన్రీ డేల్‌తో పంచుకున్నాడు. నిదానంగా శ్వాస వదిలినప్పుడు ఈ నాడి ప్రభావం పెరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు రక్తంలో నారడ్రినలిన్ అనే ఉత్తేజక పదార్థం పడుకున్నప్పటికంటే ఎక్కువగా ఉంటుంది. కూర్చున్నా, నడుం వాల్చినా గుండెకు పని తగ్గుతుంది.

ఇప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధను గుర్తు తెచ్చుకోండి. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ఆయన ఉపదేశించినట్లు హజ్రత్ అబూజర్ (రజి) ద్వారా అబూదావూద్ గ్రంథంలో ఉంది. కోపంలో మౌనం వహించమని మరో ఉల్లేఖనం. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, ఆగ్రహంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

ఇక్కడ ఒక మాట. కొంతమంది ఉపన్యాసకులు వెంటనే "చూశారా, సైన్సు మన హదీసును రుజువు చేసింది" అంటారు. ఆ తొందర అక్కర్లేదు. హదీసు వచ్చింది గ్రంథుల పాఠం చెప్పడానికి కాదు, మన చేతినీ నాలుకనూ ఆపడానికి. అడ్రినలిన్ పేరు తెలియని కాలంలోనూ విశ్వాసులు ఆ మాట విని కూర్చున్నారు, లాభపడ్డారు. పేరు తెలిసిన మనం నిలబడే అరుస్తున్నాం.

నిలబడి అరిస్తే ఎక్కడిదాకా వెళుతుందో మన మొహల్లాల్లో తెలియనివారు లేరు. కొన్ని నిమిషాల రసాయనం పొంగుమీద ఉండగా నోటి నుంచి మూడుసార్లు తలాక్ అన్న మాట వస్తుంది. పదేళ్ళ కాపురం, ఇద్దరు పిల్లలు నడిరోడ్డున పడతారు. తెల్లవారి ఆ మనిషే ఇమామ్ గారి గుమ్మంలో తల పట్టుకుని కూర్చుంటాడు. మన దేశంలో 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇటువంటి తక్షణ తలాక్‌ను కొట్టివేసింది. 2019లో వచ్చిన చట్టం దాన్ని మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడగల నేరంగా చేసింది. ఆ చట్టం మీద ముస్లింలలో భిన్నాభిప్రాయాలున్నాయి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. అడగవలసిన ప్రశ్న మరొకటుంది. షరీఅత్ చూపిన తలాక్ పద్ధతి మొత్తం ఆగడం మీదే నిలిచి ఉంది కదా! ముందు ఇరుపక్షాల నుంచి చెరొక మధ్యవర్తి, ఆ తరువాత పరిశుద్ధావస్థలో ఒక్కసారి చెప్పడం, ఆపైన ఇద్దత్ గడువు. రక్తం ఎన్నిసార్లు చల్లబడడానికి అందులో వ్యవధి ఉందో లెక్కపెట్టండి.

పూర్వ విద్వాంసులు ఈ సంగతిని లోతుగా పట్టించుకున్నారు. ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) ఆగ్రహంలో చెప్పిన తలాక్ గురించే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. కోపాన్ని ఆయన మూడు స్థాయిలుగా చూశారు. ఏమంటున్నాడో తెలిసే అనే తొలి కోపం ఒకటి, అసలు స్పృహే లేని కోపం మరొకటి, ఆ రెంటి నడుమ ఉన్నది మూడవది. మొదటిదానిలో మాట చెల్లుతుంది, రెండవదానిలో చెల్లదు. వివాదమంతా నడుమ ఉన్నదాని గురించే. న్యాయమూర్తి కోపంగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదన్న ప్రవచనం కూడా ప్రామాణిక గ్రంథాల్లో ఉంది. భర్త, తండ్రి, యజమాని కూడా తమ తమ ఇళ్ళలో రోజూ తీర్పులు చెప్పేవాళ్ళే.

కోపమే పాపమని దీని అర్థం కాదు. దైవప్రవక్త (స) కూడా అల్లాహ్ హద్దులను అతిక్రమించినప్పుడు ఆగ్రహించేవారు. తన స్వంతం కోసం ప్రతీకారం తీర్చుకోలేదని, స్త్రీని గాని సేవకుణ్ణి గాని ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మరొకటి, కొందరి చిరాకు స్వభావం కాదు, జబ్బు. థైరాయిడ్ హార్మోను మోతాదు మించితే మనిషి చీటికిమాటికి మండిపడతాడు, గుండె దడ వస్తుంది, బరువు తగ్గుతాడు. కాన్పు తరువాత హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం వల్ల కూడా తల్లి మనసు కలత చెందుతుంది. అటువంటి భార్యకు హితబోధ చేయబోయే ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడం భర్త బాధ్యత.

నలుగురిలో గొడవ జరుగుతుంటే కూర్చోవడం పరువు తక్కువ కాదా అని యువకులు అడుగుతుంటారు. ఇమామ్ అహ్మద్ (రహ్మలై) ముస్నద్‌లో దీనికి జవాబుంది. హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి తన తొట్టి దగ్గర పశువులకు నీళ్ళు పెడుతున్నారు. కొందరు వచ్చారు. వారిలో ఒకడు ఆయనను కవ్వించాలనే ముందుకొచ్చి ఆ తొట్టిని పగలగొట్టాడు. నిలబడి ఉన్న ఆయన అక్కడే కూర్చున్నారు. కాసేపటికి నేలమీద పడుకున్నారు. చూస్తున్నవాళ్ళు ఆశ్చర్యపోయి, ఎందుకు కూర్చున్నారు, ఎందుకు పడుకున్నారు అని అడిగారు. దైవప్రవక్త (స) తమకు అలా నేర్పారని ఆయన పడుకునే చెప్పారు.